చెక్కనేల బండి

ప్రతి వస్తువులోనూ తక్కిన భాగాల తరపున దెబ్బలు తినే భాగం ఒకటి ఉంటుంది. మన ఆడవాళ్లు కొత్త పట్టుచీర కట్టుకునే ముందు అంచు లోపల ఫాలు కుట్టించుకుంటారు. నేలకు రాసుకుని చిరిగేది ఫాలు, బతికేది చీర. రోకలికి పొన్ను, చెప్పుకు అడుగుతోలు, ఎద్దు కాలికి నాడా, ఇవన్నీ ఆ కోవలోవే. అరిగిపోవటమే వాటి ఉద్యోగం. అరిగాక తీసి పారేసి కొత్తవి వేస్తారు. వాటికి ఎవరూ సన్మానాలు చెయ్యరు.

ఈ జాతికి చెందిన వస్తువునొకదాన్ని గురించి ఈ వారం ముచ్చటిస్తాను. అది మన దేశపుది కాదు. అమెరికాలో డెబ్భై ఏళ్లనాటి పికప్ ట్రక్కులకు వెనక తొట్టిలో పరిచే చెక్కనేల. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ట్రక్కులతో ఏం పని అని మీరడగవచ్చు. మొన్న వేసవి సెలవుల్లో మిస్సోరీ రాష్ట్రంలో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్లాను. అప్పటికే మా బావగారు అల్లాంటి బండినొకదాన్ని కొని, దాని నేల మార్చే పనిలో తలమునకలై ఉన్నారు. చుట్టపుచూపుగా వెళ్లినవాణ్ణి మూడో రోజుకల్లా పలక రెండో కొస పట్టుకునే మనిషినయినాను.

పికప్ అంటే ముందు ఇద్దరు ముగ్గురు కూచునే గది, వెనక పైకప్పు లేని తొట్టి. ఈ తొట్టిని వాళ్లు ‘బెడ్’ అంటారు. అనగా పడక. బరువులు పడుకునే చోటు గనక పడకే అని సమర్థించుకోవచ్చు. పూర్వం అక్కడి రైతులు కారు కొని, దాని వెనక భాగం తీయించి, ఊళ్లో వడ్రంగి చేత పెట్టె కట్టించుకునేవారు. ఈ అవసరం కనిపెట్టి ఫోర్డు కంపెనీవారు 1925 లో తమ ‘మోడల్ టి’ బండికి ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మారు. తరవాత అందరూ ఆ దారే పట్టారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 1947 లో షెవ్రొలేవారు కొత్త వాలకంతో ట్రక్కులు విడుదల చేశారు. గుండ్రటి ముఖం, ఉబ్బిన బుగ్గలు, చూడగానే ఎవరో పెద్దమనిషి ఎదురు వచ్చినట్టుంటుంది. ఆ వరస 1955 మొదట్లో ఆగింది. బావగారిది 1953 నాటి ‘షెవ్రొలే 3100’. అర టన్ను బండి అని వాడుక. తొట్టి పొడవు ఆరున్నర అడుగులు.

బండి అంతా ఉక్కుదే అయినప్పుడు నేల ఒక్కటీ చెక్కతో ఎందుకు చేశారు? నాకు మొదట కలిగిన సందేహం ఇదే. సమాధానం రైతు పనిలో ఉంది. పలచటి ఉక్కురేకు మీద రాయి పడితే సొట్ట పడుతుంది. సొట్టలో నీళ్లు నిలుస్తాయి. నిలిచిన చోట తుప్పు పుడుతుంది. వానలో తడిసిన రేకు మీద కాలు నిలవదు, సామాను నిలవదు. చెక్క అల్లా కాదు. దెబ్బ పడితే కొంత లోపలికి తీసుకుంటుంది. కాలికి పట్టు ఇస్తుంది. మరీ పాడయితే ఆ ఒక్క పలకా తీసి, తన కొట్టంలో ఉన్న రంపంతో రైతే ఇంకొకటి కోసి వేసుకోగలడు. ఉక్కునేలలు వ్యాపించిన తరవాత కూడా షెవ్రొలేవారి ‘స్టెప్‌సైడ్’ రకం ట్రక్కుల్లో చెక్కనేల 1980 లు వచ్చేదాకా కొనసాగింది. దాని ఉపయోగం అటువంటిది.

నేల కట్టిన తీరు చూసి నేను నిజంగా ఆశ్చర్యపడ్డాను. కింద బండి చట్రం మీద అడ్డంగా ఉక్కు దూలాలు ఉంటాయి. వాటిమీద ముప్పాతిక అంగుళం మందం పలకలు నిలువుగా, అంటే ముందునుంచి వెనక్కు, పరుస్తారు. పలకకూ పలకకూ నడుమ కొద్దిపాటి సందు వదులుతారు. ప్రతి పలక అంచునా పైవైపు మెట్టులాగా చెక్కి ఉంటుంది. ఆ సందు మీద పొడుగాటి ఉక్కుపట్టీ ఒకటి వచ్చి రెండు పలకల మెట్లమీదా కూచుంటుంది. బోల్టు పట్టీలోంచి దిగి, సందులోంచి పోయి, కింది దూలానికి బిగుస్తుంది. అంటే బోల్టు పలకను పొడవనే పొడవదు! తొట్టిని చట్రానికి కలిపే చోట్ల తప్ప పలకకు చిల్లు ఉండదు. పట్టీలు రెండు పక్కలా నొక్కి పెడితే పలక కదలకుండా పడివుంటుంది.

ఈ ఏర్పాటులో మూడు లాభాలున్నాయి. పట్టీలు పలకలకంటే కాస్త ఎత్తుగా ఉంటాయి గనక పెట్టెలూ బస్తాలూ లాగినప్పుడు వాటిమీద జారుతాయి, చెక్క అరగదు. ఒక పలక మార్చాలంటే దాని పక్క పట్టీలు విప్పితే చాలు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. చెక్క ఊపిరి పీల్చే వస్తువు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడవు దాదాపు మారదు, మారేది వెడల్పే. ఆరంగుళాల వెడల్పున్న ఎర్ర ఓకు పలకలో తేమ 5 శాతం పెరిగితే వెడల్పు సుమారు అంగుళంలో పదోవంతు పెరగవచ్చు. తొట్టి వెడల్పంతా కలిపి లెక్కవేస్తే ముప్పాతిక అంగుళానికి పైనే తేలుతుంది. పలకల్ని సందు లేకుండా ఇరికించి మేకులు కొట్టామనుకోండి, వర్షాకాలంలో అవి ఎటూ పోలేక పైకి లేస్తాయి. మన ఇళ్లల్లో వానాకాలం తలుపులు పట్టెయ్యటం ఎవరికి తెలియదు? ఈ బండి కట్టినవాడు చెక్క స్వభావంతో పోట్లాట పెట్టుకోలేదు. కదలటానికి చోటిచ్చి, పైన మర్యాదగా పట్టీ కప్పాడు.

ఆ బోల్టు కూడా తెలివైనదే. క్యారేజ్ బోల్టు అంటారు. గుర్రపు బళ్ల కాలంనుంచి వచ్చిన పేరు. తల నున్నగా బోర్లించిన గిన్నెలాగా ఉంటుంది. తలకింద మెడ నలుచదరం. పట్టీలో చిల్లు కూడా నలుచదరమే. మెడ అందులో ఇమిడిపోతుంది గనక కిందినుంచి నట్టు తిప్పుతుంటే పైన బోల్టు తిరగదు. పైన ఇంకొక మనిషి పట్టుకోనక్కరలేదు. తల నున్నగా ఉండటంవల్ల బస్తాలు చిరగవు.

బావగారి బండి పాతనేల చూడటానికి నేల అనే పేరే తప్ప నేల కాదు. వెనకవైపు పలకలు చేత్తో నలిపితే పొడి రాలుతున్నాయి. బోల్టులు తుప్పుపట్టి నట్లతో ఏకమైపోయినాయి. వాటికి పలచటి నూనె పోసి రెండు రోజులు ఆగాం. సగం లొంగాయి. తక్కిన సగాన్ని కోతయంత్రంతో కొయ్యవలసి వచ్చింది. ఆ యంత్రం నిప్పురవ్వలు చిమ్ముతుంది. కింద పెట్రోలు గొట్టం పోతున్నది. అందుచేత ముందు పెట్రోలు ఖాళీచేసి, గొట్టానికి అడ్డుగా రేకు పెట్టి, పక్కన మంటలార్పే డబ్బా ఉంచుకుని గాని బావగారు యంత్రం ముట్టుకోలేదు. ఒక్కొక్క పలక విప్పినప్పుడల్లా ఫోటో తీసి, సుద్దముక్కతో అంకె వేశాం. పనికిరాని పలకయినా పారెయ్యకూడదుట. కొత్తది కొయ్యటానికి అదే కొలత.

ఈ పని జరుగుతుండగా బండి అమ్మిన ముసలాయన వస్తూ ఉండేవాడు. ఎనభై దాటిన రైతు. తండ్రి కొత్తగా కొన్న బండి అది. కుర్చీ వేస్తే కూచోడు. తొట్టి అంచుమీద చెయ్యివేసి నిలబడతాడు. కుడిపక్క దూలం అక్కడికక్కడే ఎందుకు అంతగా తిని ఉన్నదో మాకు బోధపడలేదు. ఆయన ఒక్క చూపు చూసి, పశువులకు నాకించే ఉప్పుదిమ్మలు ఎప్పుడూ అక్కడే పెట్టేవాళ్లమని చెప్పాడు. ఉప్పు కరిగి సందులోంచి దిగి ఇనుమును తిన్నది. ఈ నేల రెండోసారి వేసినదనీ, మొదటిది తండ్రి హయాంలోనే పోయిందనీ చెప్పాడు. “బండి పాతదే, నేల ఎప్పటికప్పుడు కొత్తదే,” అని నవ్వాడు.

ఇక అసలు తగువు చెక్కను గురించి వచ్చింది.

ఆ కాలపు షెవ్రొలే బళ్లకు ఎక్కువగా వాడినది దక్షిణ రాష్ట్రాల్లో పెరిగే పసుప్పచ్చ పైన్. అది ఖరీదు కర్ర కాదు. పైన రంగు పూసేవారు. ఇప్పుడు పాతబళ్లు బాగుచేసుకునేవారిలో చాలామంది ఓకు పలకలు వేసి, వార్నీషు మీద వార్నీషు పూసి, అద్దంలా చేసి, పట్టీలకు తుప్పుపట్టని మెరుగు ఉక్కు తెప్పిస్తారు. ప్రదర్శనలకు తీసుకుపోతారు. బావగారి మనసు కూడా ఇటే మొగ్గింది. ఓజార్క్ కొండల్లో కోసిన తెల్ల ఓకు పలకలు అప్పటికే కొని షెడ్డులో పేర్చారు. చూస్తే కళ్లు చెదిరేటట్టున్నాయి.

తెల్ల ఓకు సంగతి కొంచెం చెప్పాలి. ఓకుల్లో ఎరుపూ తెలుపూ అని రెండు జాతులు. ఎర్ర ఓకు రంధ్రాలు తెరిచి ఉంటాయి. చిన్న ముక్క తీసుకుని ఒక కొసనుంచి ఊదితే రెండో కొసన గాలి వస్తుంది. తెల్ల ఓకు చేవలో ఆ రంధ్రాలు చెట్టు తానే పూడ్చుకుంటుంది. అందుచేత నీరు చొరదు. సారాపీపాలకు అదే వాడతారు. మిస్సోరీ అడవుల తెల్ల ఓకు పీపాలకు పేరుపడ్డది. మన భాషలో చేవ అనేది ఎంత మంచి మాట! చెట్టు నడుమనున్న గట్టి కర్రకూ, మనిషిలోని సత్తాకూ అదే పేరు పెట్టుకున్నాం. బావగారితో ఈ మాట అంటే ఆయన మురిసి, “చూశావా, చేవ ఉన్న కర్రే కొన్నాను,” అన్నారు. అయితే ఓకులో ఒక చిక్కుంది. దానిలోని వగరు తడి ఇనుముతో కలిస్తే నల్లటి మరకలు పడతాయి. మన కరక్కాయా అన్నభేదీ కలిపి సిరా చేసినట్టే. అందుకే ఓకు వేసేవారు పట్టీలకూ బోల్టులకూ తుప్పుపట్టని ఉక్కు వాడవలసి వస్తుంది. ఖర్చు ఒకదాన్నొకటి లాక్కొస్తుంది.

పాతబళ్లు సేకరించే ఆసామీ ఒకాయన ఈ బండిమీద కన్ను వేశాడు. ఓకునేల వేసి మెరుగుపెడితే మంచి ధర ఇస్తానని కబురు చేశాడు. బావగారికి ఆ సంవత్సరం ఇంటి అప్పు బరువుగానే ఉంది. ఆ డబ్బు వస్తే చాలా గండాలు గడుస్తాయి.

ఇది తేలకముందే ముసలాయన ఒక సాయం అడిగాడు. జూన్ లో గడ్డి కోతలవుతాయి. బండి సిద్ధమైతే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన కొట్టానికి ఎండుగడ్డి దిమ్మలు తోలిపెట్టాలిట. మనవరాలికి చూపించాలిట. ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ బండి కదలగా చూడలేదు.

“అల్లాగే,” అనబోయి బావగారు ఆగిపోయారు. ఎందుకాగారో నాకూ అక్కయ్యకూ తెలుసు. అద్దంలాంటి వార్నీషు మీద గడ్డిదిమ్మ లాగితే ఏమవుతుంది? గడ్డికి ఇసుక అంటుకుని ఉంటుంది. ఒక్క లాగుకు వంద గీతలు. వార్నీషు గీసుకున్న చోట నీరు దిగుతుంది. దిగిన నీరు పైకి రాదు. పొర కింద చెక్క నల్లబడి, పొర పొక్కులు లేస్తుంది. అప్పుడు మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాలి. అందుచేత అల్లాంటి నేలమీద ఎవరూ బరువు వెయ్యరు. వేస్తే దుప్పటి పరిచి వేస్తారు. నేలకు నేల వెయ్యటమన్నమాట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కయ్య పప్పు వడ్డిస్తూ అన్నది: “ఏమండీ, బరువు మొయ్యని బండి మనకెందుకండీ? నా కారు చలికాలమంతా మంచులో నిలబెట్టి, దీన్ని షెడ్డులో పడుకోబెట్టారు. పడుకోబెట్టినందుకన్నా పనిచెయ్యొద్దూ!”

“మరి ఆ ఆసామీ ఇస్తానన్న డబ్బో?”

“ఆయనకు అమ్మితే ఆయన షెడ్డులో పడుకుంటుంది. అంతేగా. అప్పు సంగతి ఇన్నాళ్లూ మనమే చూసుకున్నాం, ఇకముందూ చూసుకుంటాం.”

బావగారు నావైపు తిరిగి, “ఏమోయ్ మేష్టారూ, నువ్వేమంటావ్?” అన్నారు. మొగుడూ పెళ్లాల తగువులో తీర్పు చెప్పేటంత తెలివితక్కువవాణ్ణి కాను. అందుకని విజయవాడ ఆటోనగర్ సంగతి ఎత్తాను. లారీ కంపెనీవాళ్లు చాలాసార్లు చట్రమూ ఇంజనూ మాత్రమే ఇస్తారు. వాటిమీద కర్రపలకలతో, ఇనపపట్టీలతో తొట్టి కట్టేవాళ్లు వేరే ఉంటారు. ఆటోనగర్ ఆ పనికి పేరు పొందింది. లారీ పక్కలకు రంగులేమిటి, పువ్వులేమిటి, నెమళ్లేమిటి, దేవుళ్లేమిటి! కాని నేలమీద ఎవరైనా నెమలిని వేయించగా చూశారా? నేల జోలికి అలంకారం పోదు. అది బస్తాలది. మన ఎడ్లబండి కట్టే వడ్రంగి కూడా చిత్రిక పట్టి సొగసులు చేస్తే నొగలకూ కాడికీ చేసేవాడు గాని, ఎరువు పోసే చోట చెయ్యలేదు.

బావగారు మాట్లాడకుండా మజ్జిగ తాగి లేచారు. తెల్లవారి చూద్దును గదా, కలప దుకాణానికి బయలుదేరుతున్నారు. పైన్ పలకలు వచ్చాయి.

తరవాత పని సాఫీగానే సాగింది. ఎవరికైనా పనికి వస్తుందని వరస చెబుతాను. మన ఇళ్లల్లో అటకలకూ అరుగుబల్లలకూ కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదట, కొన్న పలకల్ని వెంటనే కొయ్యలేదు. నడుమ పుల్లలు పెట్టి, గాలి ఆడేటట్టు పేర్చి రెండు వారాలు షెడ్డులో ఉంచాం. చెక్క ఆ చోటి తేమకు అలవాటు పడాలి. ఈ లోపల పాత దూలాల తుప్పు గీకి, ఉప్పు తిన్నదాన్ని కోసి కొత్తది అతికించి, తుప్పును ఆపే రంగు పూశాం. ముడులున్న పలకల్ని ఏరి పక్కన పెట్టాం. తక్కినవాటికి పాత పలకల కొలతతో అంచున మెట్లు చెక్కాం.

రెండోది, రంగు వెయ్యకుండానే ఒకసారి అంతా పేర్చి చూశాం. ఇది విసుగు పుట్టించే పని. అయినా తప్పదు. చిల్లులు కిందినుంచి గుర్తు పెట్టుకోవటానికీ, సందులు సమంగా వచ్చాయో లేదో చూడటానికీ ఇదే అదను. తొట్టి నలుచదరంగా ఉన్నదో లేదో చూడటానికి మూలమట్టం చాలదు. ఈ మూలనుంచి ఆ మూలకూ, ఆ మూలనుంచి ఈ మూలకూ రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ సమానమైతే చదరం. మాకు పావు అంగుళం తేడా వచ్చింది. డెబ్భై ఏళ్ల బరువులు ఆ మాత్రం వంచవూ? పక్కరేకులు సడలించి సర్దాం.

మూడోది రంగు. అందరూ పైకి కనిపించే ముఖానికే రంగు పూస్తారు. పలకకు ముఖాలు ఆరు. అడుగునా, అంచులకూ, అన్నిటికంటే ఎక్కువగా కోసిన కొసలకూ పుయ్యాలి. చెట్టు బతికి ఉండగా నీరు పైకి పాకినది ఆ గొట్టాలగుండానే. కొస తెరిచి ఉంచితే చచ్చిన తరవాత కూడా తాగుతూనే ఉంటుంది. పాత పలకలు వెనకకొసనే ముందుగా పుచ్చటానికి కారణం ఇదే. కొసలకు మూడు పూతలు, తక్కిన చోట్ల రెండు పూతలు వేశాం. నలుపు రంగు. మెరుపు లేదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. చెక్కకు అవిసెనూనె పూసేవారు పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పారెయ్యకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ఉండలోపల వేడి బయటికి పోలేక, ఏ నిప్పూ తగలకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఇళ్లు కాలిన సందర్భాలున్నాయి. గుడ్డల్ని బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూతపెట్టాలి.

చివరకు బిగింపు. ఒక పక్కనుంచి పలక, పట్టీ, పలక, పట్టీ, ఇల్లా పేర్చుకుంటూ పోయి నట్లన్నీ వేళ్లతోనే తిప్పి వదిలాం. అన్నీ కూచున్న తరవాత కర్ణాలు మళ్లీ కొలిచి, నడుమనుంచి అంచులకు బిగించుకుంటూ పోయాం. నేను పైన సందులు చూస్తూ ఉన్నాను. బావగారు వెల్లకిలా కిందపడుకుని నట్లు తిప్పారు. పట్టీ చెక్కను పట్టుకుంటే చాలు, కొరకకూడదు. బలం ఉన్నది గదా అని బిగిస్తే మెట్టు చీలుతుంది. ముసలాయన చెవి ఒగ్గి నట్టు కీచుమనే చప్పుడు వింటూ, చాలు అన్నప్పుడల్లా చెయ్యి ఎత్తేవాడు.

గడ్డి తోలిన రోజున మనవరాలు ముందు సీట్లో తాతగారికీ బావగారికీ నడుమ కూచుంది. నేను వెనక కారులో అక్కయ్యతో వెళ్లాను. తొట్టినిండా దిమ్మలు. కొట్టం దగ్గర ఆగాక ముసలాయన మొదటి దిమ్మను కొక్కెంతో పట్టి లాగాడు. అది పట్టీలమీద సర్రున జారి వచ్చింది. అన్నీ దింపాక చూస్తే నల్లరంగుమీద తెల్లటి గీతలు మూడు పడ్డాయి. బావగారు వంగి వాటిని వేలితో తడిమి చూశారు. ముసలాయన కంగారుపడి ఏదో చెప్పబోతే, “వచ్చే ఏడు ఇంకో పూత వేస్తే సరి,” అని టోపీ సర్దుకున్నారు.

సేకరణ ఆసామీ తరవాత మళ్లీ కబురు చెయ్యలేదు. బండి ఇప్పుడు శనివారాలు తోటమట్టి, పక్కవాళ్ల పాత సోఫాలు, అక్కడి తెలుగువాళ్ల వనభోజనాలకు గుండిగలూ మోస్తున్నది.

తెల్ల ఓకు పలకలు ఏమయినాయని మీరడుగుతారు. అక్కయ్య వాటిని వదలలేదు. వాటితో భోజనాల బల్ల చేయించింది. దసరాకు తయారయింది. ఫోటో పంపింది. ఓకు చారలు నీటిమీద అలల్లాగా ఉన్నాయి, వార్నీషు అద్దంలా ఉంది. ఎంతో సంతోషించి, పండగ రోజున ఫోన్లో వీడియోలో చూపించమన్నాను. చూపించింది. బల్లమీద ఈ కొసనుంచి ఆ కొసకు పువ్వుల ప్లాస్టిక్ గుడ్డ పరిచి ఉంది.

“అదేమిటే అక్కయ్యా!” అన్నాను.

“గీతలు పడవట్రా?” అన్నది.